లండన్‌లో 100 గ్రాములు, హైదరాబాద్‌లో 99.71: బరువు అంటే అసలు ఏమిటి?

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. లండన్‌లో ఉంటున్న మీ అమ్మాయి అక్కడే 100 గ్రాముల ప్రామాణిక రాయితో సరిచేయించిన చిన్న డిజిటల్ కాటాను హైదరాబాద్ తెచ్చిందనీ, అక్కడ సరిగ్గా 100 గ్రాములు తూగిన బంగారు బిళ్ల ఇక్కడ అదే కాటా మీద 99.71 గ్రాములే చూపిస్తోందనీ రాశారు. బంగారం తరిగిందా, కాటా చెడిందా అన్నది మొదటి ప్రశ్న. అసలు వస్తువుకు బరువు ఎందుకుండాలి, దానిలో గురుత్వాకర్షణ పాత్ర ఏమిటన్నది రెండోది. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక రెండో ప్రశ్న నుంచే మొదలుపెడతాను. అది అర్థమైతే మొదటిదానికి వేరే జవాబు అక్కరలేదు.

బంగారం తరగలేదు. కాటా చెడిందని కూడా నేను అనుకోవడం లేదు. తగ్గింది ఆ బిళ్లను భూమి లాగే లాగుడు. మనం చిన్నప్పటి నుంచి బరువును వస్తువు తనలో దాచుకున్న గుణంగా భావిస్తాం. రంగు ఉన్నట్టే, గట్టిదనం ఉన్నట్టే బరువూ దాని సొంతమని అనుకుంటాం. నిజానికి వస్తువుకు సొంతమైనది ద్రవ్యరాశి మాత్రమే, అంటే దానిలో ఉన్న పదార్థపు మొత్తం. బరువు ఆ వస్తువుకూ భూమికీ మధ్య జరిగే వ్యవహారం. వ్యవహారం అన్నాక రెండో పక్షం మారినా, ఇద్దరి మధ్య దూరం మారినా లెక్క మారుతుంది.

సంతలో మనం రెంటికీ ‘కిలో’ అన్న ఒకే మాట వాడడం వల్ల ఈ గందరగోళం వచ్చింది. కిలోగ్రాము ద్రవ్యరాశికి కొలమానం. బరువు ఒక బలం కనుక దాని కొలమానం న్యూటన్. తక్కెడకూ స్ప్రింగు కాటాకూ ఉన్న తేడాను గమనిస్తే ఈ విషయం చేతికి తగులుతుంది. తిరుమలలో తులాభారం మొక్కు తీర్చుకునేటప్పుడు ఒక పళ్లెంలో మనిషి, మరో పళ్లెంలో బెల్లమో బియ్యమో నాణేలో ఉంటాయి. భూమి రెండు పళ్లేలనూ ఒకే తీరున లాగుతుంది గనక లాగుడు ఎంతైనా రెండు వైపులా కొట్టుకుపోయి, మిగిలేది ద్రవ్యరాశుల పోలిక ఒక్కటే. ఆ తక్కెడను చంద్రుడి మీదకు తీసుకెళ్లినా అదే మనిషికి అంతే బెల్లం తూగుతుంది. మీ డిజిటల్ కాటాలో మాత్రం రెండో పళ్లెం లేదు. లోపల ఒక చిన్న లోహపు దిమ్మ ఎంత వంగిందో చూసి, ఆ వంపును గ్రాములుగా మార్చి చూపిస్తుంది. అది కొలిచేది బలాన్ని, అంకె చూపేది ద్రవ్యరాశి పేరుతో. లండన్‌లో ఎంత లాగుడుకు 100 అని రాసుకోమని నేర్పారో, ఇక్కడా అదే లెక్కను నమ్ముకుని చెబుతోంది.

ఇక లాగుడు సంగతి. పైకి విసిరినది కింద పడుతుందని మనుషులకు ఎప్పటినుంచో తెలుసు, భూమికి ఆకర్షించే శక్తి ఉందన్న మాట కూడా కొత్తది కాదు. 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో భాస్కరాచార్యుడు భూమి తన శక్తితో ఆకాశంలోని బరువైన వస్తువులను తన వైపు లాక్కుంటుందనీ, అది మనకు పడినట్టు కనిపిస్తుందనీ రాశాడు. ఈ శ్లోకాన్ని చూపించి న్యూటన్ కొత్తగా చెప్పిందేమీ లేదనేవారు తరచూ కనిపిస్తారు. నేను ఒప్పుకోను. భాస్కరుడి ఊహ గొప్పది. కాని ఎంత బలంతో లాగుతుంది, దూరం పెరిగితే ఎంత తగ్గుతుంది, ఆ బలమే చంద్రుణ్ణి కూడా లాగుతోందా అన్న మూడు ప్రశ్నలకు అంకెలతో జవాబు 1687లో న్యూటన్ పుస్తకంలో వచ్చింది. సైన్సులో ‘ఎంత’ అన్నది చిన్న మాట కాదు.

ఆ లెక్క మీరే ఒక కాగితం మీద చేసి చూడవచ్చు. భూమి కేంద్రం నుంచి మనం ఒక భూ వ్యాసార్ధం దూరంలో ఉన్నాం, చంద్రుడు దాదాపు 60 వ్యాసార్ధాల దూరంలో ఉన్నాడు. బలం దూరపు వర్గానికి విలోమంగా తగ్గేటట్టయితే చంద్రుడి దగ్గర భూమి లాగుడు ఇక్కడి దానిలో 60 రెట్లు 60, అంటే 3600వ వంతు ఉండాలి. ఇక్కడ చేతిలోంచి జారిన మామిడికాయ మొదటి సెకనులో సుమారు 4.9 మీటర్లు పడుతుంది. చంద్రుడు సెకనులో దాని 3600వ వంతు, అంటే సుమారు 1.36 మిల్లీమీటర్లు భూమి వైపు పడాలి. చంద్రుడు 27 రోజుల పైచిలుకులో ఒక చుట్టు తిరగడాన్ని బట్టి, సరళరేఖ నుంచి అతని దారి సెకనుకు ఎంత లోపలికి వంగుతోందో విడిగా లెక్కకట్టినా ఇదే అంకె వస్తుంది. నా తరగతిలో ఈ లెక్కను నల్లబల్ల మీద పూర్తిచేసిన రోజున మాత్రం వెనక బెంచీలు కూడా మౌనంగా ఉండేవి. కాయ పడడమూ చంద్రుడు తిరగడమూ ఒకే పని అని ఆ చిన్న అంకె చెబుతోంది.

కనుక సూత్రం ఇది: ఏ రెండు వస్తువులైనా ఒకదాన్నొకటి లాగుకుంటాయి, ఆ బలం రెండింటి ద్రవ్యరాశుల లబ్ధంతో పెరుగుతుంది, వాటి మధ్య దూరపు వర్గంతో తగ్గుతుంది. ఏ రెండైనా అన్నప్పుడు మినహాయింపు లేదు. మీ బంగారు బిళ్లను లాగుతున్నది భూమి కేంద్రంలో కూర్చున్న ఏదో ఒక అయస్కాంతం కాదు. మీ ఇంటి కింది మట్టి, గోల్కొండ రాళ్లు, హిమాలయాలు, సముద్రాల నీరు, భూమికి ఆవలి వైపున్న పదార్థం, లోపలి ఇనుప గర్భం, అన్నీ తలా కొంత తమ వైపు లాగుతున్నాయి. ఈ కోటానుకోట్ల లాగుళ్లు కూడితే, గోళాకారపు భూమికి, మొత్తం ద్రవ్యరాశి కేంద్రంలో ఉన్నట్టే ఫలితం వస్తుందని న్యూటన్ నిరూపించాడు. బిళ్ల కూడా భూమిని అంతే బలంతో పైకి లాగుతోంది, భూమి మరీ పెద్దది కనుక చలించదు.

అలాంటప్పుడు పక్కపక్కన నిలబడ్డ మనుషులు ఒకరినొకరు ఎందుకు లాక్కోరు? లాక్కుంటారు. 70 కిలోల ఇద్దరు మనుషుల మధ్య మీటరు దూరం ఉంటే వారి మధ్య బలం, సుమారుగా చెప్పాలంటే, ఒక మిల్లీగ్రాములో ముప్పయ్యో వంతు బరువంత ఉంటుంది. గురుత్వాకర్షణ ప్రకృతిలోని బలాలన్నింటిలోకీ నీరసమైనది. గుండుసూదిని చిన్న అయస్కాంతం ఎత్తినప్పుడు, కింది నుంచి మొత్తం భూమి లాగుతున్నా ఆ చిన్న ముక్కే గెలుస్తోంది. ఇంత నీరసమైన బలం మన మోకాళ్లను నొప్పి పెట్టేంత బరువుగా మారడానికి కారణం భూమి ద్రవ్యరాశి, అది 6 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని కిలోలు. ఆ అంకె మనకు తెలిసింది 1798లో హెన్రీ కావెండిష్ చేసిన ప్రయోగం పుణ్యమే. ఆయన సన్నని తీగకు వేలాడదీసిన అడ్డకర్ర చివర్లలోని చిన్న సీసపు గుళ్లను, ఒక్కొక్కటీ 158 కిలోల పెద్ద సీసపు గుండ్లు ఎంత లాగుతాయో తీగ మెలితిరగడాన్ని బట్టి కొలిచాడు. గాలి కదలిక పాడుచేస్తుందని గది మూసేసి, బయట నుంచి దూరదర్శినితో చూస్తూ చేసిన పని అది. దాన్నుంచి భూమి సాంద్రత నీటి కంటే దాదాపు ఐదున్నర రెట్లని తేలింది. మన కాళ్ల కింది గ్రానైటు నీటికి 2.7 రెట్లే, కాబట్టి లోపల ఎక్కడో ఇనుము వంటి బరువైనది ఉండి తీరాలి. భూమిని తవ్వకుండానే దాని గర్భం గురించి తెలిసిన తొలి కబుర్లలో అదొకటి.

భూమి ద్రవ్యరాశినీ, 6371 కిలోమీటర్ల సగటు వ్యాసార్ధాన్నీ సూత్రంలో పెడితే కిలోకు సుమారు 9.8 న్యూటన్లు వస్తుంది. పాఠ్యపుస్తకం అక్కడితో ఆగిపోతుంది, మీ కాటా మాత్రం దాని తర్వాతి దశాంశ స్థానాల్లో నడుస్తోంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతోంది. ఆ తిరుగుడు వల్ల భూమధ్యరేఖ దగ్గర లాగుడులో కిలోకు 0.034 న్యూటన్ల మేర కోత పడుతుంది. అదే తిరుగుడు భూమి నడుమును ఉబ్బించింది: భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6357. దూరం పెరిగినచోట లాగుడు ఇంకొంచెం తగ్గుతుంది. రెండూ కలిసి, ధ్రువం దగ్గర కిలోకు 9.832 న్యూటన్లుండేది భూమధ్యరేఖ దగ్గర 9.780 అవుతుంది. లండన్‌లో ఈ విలువ 9.812, హైదరాబాద్‌లో సుమారు 9.784. రెండోదాన్ని మొదటిదానితో భాగించి 100తో గుణించండి. మీ 99.71 వచ్చింది కదా. ఎత్తు వల్ల కూడా తేడా ఉంటుంది గాని చిన్నది. నేల నుంచి కిలోమీటరు పైకి వెళితే 70 కిలోల మనిషికి స్ప్రింగు కాటా మీద 22 గ్రాములు తగ్గుతుంది, కొండెక్కితే కొండ కూడా కింద నుంచి లాగుతుంది కనుక అంత కూడా తగ్గదు.

ఈ తేడాను మొదట పట్టుకున్నది కాటా కాదు, గడియారం. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళవేత్త పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకపు గడియారాన్ని దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కాయెన్‌కు తీసుకెళితే అది రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. లాగుడు తగ్గినచోట లోలకం నెమ్మదిగా ఊగుతుంది. న్యూటన్ ఈ సంగతిని భూమి నడుము దగ్గర ఉబ్బి ఉందనడానికి సాక్ష్యంగా వాడుకున్నాడు. మీ అమ్మాయి కాటా ఆ గడియారపు వంశంలోనిదే.

మన దేశంలో జరిగిన కథ ఇంకా రుచికరమైనది. బ్రిటిష్ కాలపు మహా త్రికోణమితి సర్వేలో, మధ్యభారతంలోని కల్యాణ్‌పూర్‌కూ ఉత్తరాన ముజఫర్‌నగర్ వైపున్న కలియానాకూ మధ్య దూరాన్ని నేల మీద గొలుసుకట్టుగా కొలిచిన లెక్కకూ, నక్షత్రాలను చూసి తేల్చిన లెక్కకూ 5.2 సెకన్ల కోణం తేడా వచ్చింది (ఇక్కడ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). నక్షత్రాలను చూడాలంటే నిట్టనిలువు ఏదో తెలియాలి. తాపీమేస్త్రీ గోడకు పట్టుకునే గుండులాగే ఒక గుండు దారమే ఆ నిలువును చెబుతుంది. హిమాలయాలు ఆ గుండును తమ వైపు లాగి ఉంటాయని గణితజ్ఞుడు జాన్ ప్రాట్ 1855లో లెక్కవేస్తే తేడా 5 కాదు, దాదాపు 16 సెకన్లు ఉండాల్సి వచ్చింది. అంత పెద్ద పర్వతాలు లాగవలసినంత ఎందుకు లాగడం లేదు? పర్వతాల కింద తేలికైన రాయి లోతుకు దిగి ఉందనీ, నీళ్లలో మంచుగడ్డ తేలినట్టు అవి లోపలి బరువైన పదార్థం మీద తేలుతున్నాయనీ ఆ చర్చలోనే భూశాస్త్రానికి తెలిసొచ్చింది. మన ఉప్పల్‌లో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పొలాల మధ్య చిన్న పెట్టెలాంటి గ్రావిమీటరు పెట్టి కొలిచేది కూడా ఈ తేడాలనే. స్థూలంగా చూస్తే అది లోపల ఒకే బరువును శాశ్వతంగా మోసే అతి సున్నితమైన స్ప్రింగు కాటా. కింద బరువైన ఖనిజం ఉందా, తేలికైన అవక్షేపాలున్నాయా అన్నది నేల తవ్వకుండా ఊహించడానికి అది ఉపయోగపడుతుంది.

లాగుడు ఎంత ఉందన్నది ఒకటి, మనకు బరువు తెలియడం ఇంకొకటి. ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. భూమి లాగుడు మనకు ఏమాత్రం తెలియదు. మనకు తెలిసేది నేల మన పాదాలను పైకి నెట్టే నెట్టుడు. లిఫ్టులో కాటా మీద నిలబడి చూడండి. లిఫ్టు సెకనుకు సెకనుకు ఒక మీటరు వేగం పుంజుకుంటూ పైకి బయలుదేరిన క్షణంలో 70 కిలోల మనిషికి కాటా 77 చూపిస్తుంది. ఆ క్షణంలో భూమి లాగుడు రవ్వంత కూడా పెరగలేదు. తాడు తెగి లిఫ్టు స్వేచ్ఛగా పడితే కాటా సున్నా చూపిస్తుంది, అప్పుడు కూడా లాగుడు తగ్గలేదు. 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో తేలుతున్న దృశ్యాలు చూసి అక్కడ గురుత్వాకర్షణ లేదని చాలామంది అనుకున్నారు. 400 కిలోమీటర్ల ఎత్తున ఆ లాగుడు ఇక్కడి దానిలో దాదాపు 89 శాతం ఉంటుంది. కేంద్రమూ, అందులోని మనుషులూ, వారి చెంచాలూ అన్నీ కలిసి ఒకే తీరున భూమి చుట్టూ పడుతూ ఉన్నాయి గనక ఎవరినీ ఏదీ నెట్టడం లేదు. బరువు తెలియని చోట ద్రవ్యరాశి పోదు కాబట్టి, అక్కడి వారి ఆరోగ్యం కోసం దాన్ని కొలవాల్సి వస్తే స్ప్రింగుకు అమర్చిన పీఠం మీద ఊపి, ఒక ఊపుకు ఎంతసేపు పడుతుందో చూస్తారు. ద్రవ్యరాశి ఎక్కువున్న మనిషి నెమ్మదిగా ఊగుతాడు.

ఈ చివరి మాటలో ఒక పెద్ద వింత దాగి ఉంది. కదిలించడానికి ఎదురు తిరిగే జడత్వం ఒకటి, భూమి లాగుడుకు లోబడే గుణం మరొకటి. రెంటికీ ఒకే అంకె ఎందుకుండాలి? ఇనుపగుండు దూదిపింజె కంటే ఎన్నో రెట్లు గట్టిగా లాగబడుతుంది, కాని కదలడానికి అన్నే రెట్లు మొండికేస్తుంది, అందుకే గాలి లేనిచోట రెండూ కలిసి పడతాయి. 1971లో అపోలో 15 యాత్రికుడు డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలి ఈ సంగతి చూపించాడు. న్యూటన్ ఈ సమానత్వాన్ని వాడుకున్నాడే గాని కారణం చెప్పలేదు. లాగుడు ఎందుకు కలుగుతుందో ఊహలు కట్టనని తన పుస్తకం రెండో ముద్రణలో, 1713లో, స్పష్టంగానే రాశాడు.

ఆ మౌనాన్ని 1907లో బెర్న్ పేటెంటు కార్యాలయంలో పనిచేస్తున్న ఐన్‌స్టీన్ మరో వైపు నుంచి చూశాడు. ఇంటి కప్పు మీద నుంచి పడుతున్న మనిషికి పడుతున్నంతసేపూ తన బరువు తెలియదన్నది ఆయన మొదటి ఆలోచన. 1915 నాటికి అది సాధారణ సాపేక్ష సిద్ధాంతమైంది. దాని ప్రకారం పెద్ద ద్రవ్యరాశి తన చుట్టూ ఉన్న స్థలాన్నీ కాలాన్నీ వంచుతుంది; స్వేచ్ఛగా పడే వస్తువు ఆ వంపులో తన సహజమైన దారిలో పోతోంది, దాన్ని ఎవరూ లాగడం లేదు. దారి తప్పిస్తున్నది నేల. కాళ్ల కింద నేల మనల్ని నిరంతరం పైకి నెడుతూ ఆ సహజ మార్గం నుంచి మళ్లిస్తుంటే, ఆ నెట్టుడుకే మనం బరువు అని పేరు పెట్టాం. అన్ని వస్తువులకూ దారి ఒకటే కనుక ఈక, సుత్తి కలిసి పడడంలో ఇక వింత మిగలదు. ఇది ఊహాగానంగా అనిపిస్తే మీ ఫోనులోని జీపీఎస్‌ను తలచుకోండి: 20 వేల కిలోమీటర్ల పైన, లాగుడు తక్కువ ఉన్నచోట, ఉపగ్రహాల గడియారాలు వాటి వేగం వల్ల వచ్చే కోతను మినహాయించాక కూడా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, ఆ తేడాను సరిదిద్దకుండా మీ క్యాబు మీ వీధికి రాదు. అయినా బంగారం తూచడానికి న్యూటన్ చాలు. ఐన్‌స్టీన్ సవరణ మీ కాటా ఎప్పటికీ పసిగట్టలేనంత చిన్నది.

ఇప్పుడు కాటా సంగతి. తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న 100 గ్రాముల రాయిని హైదరాబాద్‌లోనే సంపాదించి, కాటాను కదలని బల్ల మీద సమంగా ఉంచి, కాసేపు ఆన్‌లో వదిలి, కాలిబ్రేషన్ మీట నొక్కి ఆ రాయితో మళ్లీ సరిచేయండి. మీ బిళ్ల తిరిగి 100 చూపిస్తుంది. సరిచేసే ముందు మాత్రం నా కోసం ఒక పని చేయండి. అదే కాటా మీద 20, 50 గ్రాముల ముద్ర రాళ్లు తూచి చూడండి. గురుత్వాకర్షణ అన్నింటినీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తుంది కనుక అవి 19.94, 49.86 చూపించాలి. అలా కాక ప్రతి రాయికీ సమంగా 0.29 తగ్గి 19.71, 49.71 వస్తే తప్పు భూమిది కాదు, మీ కాటా సున్నా జరిగింది. ఖాళీ పళ్లెంతో టేర్ మీట నొక్కి సున్నాకు తెచ్చి మళ్లీ తూచండి. రెండు రకాలుగానూ కాక అంకెలు నిలకడ లేకుండా తిరుగుతుంటే బ్యాటరీ మార్చండి, ఫ్యాను ఆపి చూడండి.